ట్రాక్ మీద 63 సెంటీమీటర్లు: 2030 కోసం మన గ్రౌండ్లలో ఇప్పుడే సరిచేయాల్సినవి

ఇప్పుడు తొమ్మిదో తరగతిలో ఉన్న అమ్మాయికి 2030 నాటికి పద్దెనిమిదేళ్లు నిండుతాయి. ఇంటర్ మొదటి సంవత్సరం కుర్రాడికి ఇరవై దాటుతాయి. ఆ ఏడాది అహ్మదాబాద్‌లో కామన్వెల్త్ క్రీడలున్నాయి. 2025 నవంబర్ 26న గ్లాస్గోలో ఆతిథ్యం ఖరారైనప్పటి నుంచి అందరూ అక్కడి కట్టడాల గురించే మాట్లాడుతున్నారు. మోటేరా స్టేడియం చుట్టూ వచ్చే స్పోర్ట్స్ ఎన్‌క్లేవ్, నారణ్‌పురాలో 2025 సెప్టెంబర్‌లో తెరిచిన కాంప్లెక్స్, క్రీడాకారుల గ్రామం. 1930లో కెనడాలోని హామిల్టన్‌లో మొదలైన ఈ పోటీలకు నూరేళ్లు నిండే సందర్భం కూడా కాబట్టి ఆ హడావుడి సహజమే. ఆ పని చూసుకోవడానికి అక్కడ మనుషులున్నారు. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వైపు చేయాల్సిన పని వేరు. అది జడ్పీ హైస్కూల్ గ్రౌండులో, మేకులు, ఉక్కు టేపు, ముగ్గుపిండితో మొదలవుతుంది. దానికి పెద్దగా డబ్బు అక్కర్లేదు, కొలత సరిగ్గా ఉండాలి, అంతే.

ముందు ట్రాక్ సంగతి చూద్దాం. పుస్తకాల్లో ఉండే 400 మీటర్ల ట్రాక్‌లో రెండు నేరు వైపులు ఒక్కొక్కటి 84.39 మీటర్లు, మలుపుల వ్యాసార్ధం 36.50 మీటర్లు, లేను వెడల్పు 1.22 మీటర్లు. మొదటి లేను దూరాన్ని లోపలి అంచు నుంచి 30 సెంటీమీటర్లు బయటికి జరిగి కొలుస్తారు. అంటే పరుగు నిజంగా సాగే వ్యాసార్ధం 36.80. ఆ లెక్కన రెండు మలుపులు కలిపి 231.22 మీటర్లు, రెండు నేరు వైపులు 168.78 మీటర్లు. మొత్తం 400.

మన దగ్గర తప్పు జరిగేది ఇక్కడే. ఆ 30 సెంటీమీటర్ల లెక్క లోపలి అంచున కెర్బ్ (నేలకంటే ఎత్తుగా కట్టిన గట్టు) ఉన్న ట్రాక్‌కు మాత్రమే. కెర్బ్ ఉంటే కాలు తగులుతుందని రన్నర్ కొంచెం ఎడంగా పరుగెత్తుతాడు. సున్నపు గీత దగ్గర ఆ భయం ఉండదు కాబట్టి గీతను ఆనుకునే అడుగు పడుతుంది. అందుకే గీత మాత్రమే ఉన్నచోట 20 సెంటీమీటర్ల దగ్గర కొలవాలని నియమం. పుస్తకంలోని 36.50ని తీసుకుని మట్టి మీద గీత గీస్తే మొదటి లేను 399.37 మీటర్లే వస్తుంది. 63 సెంటీమీటర్లు తక్కువన్నమాట. బయటి లేన్ల వాళ్లు మలుపులో ఎక్కువ దూరం పోకుండా వాళ్ల స్టార్ట్‌ను ముందుకు జరిపే దూరాన్ని స్టాగర్ అంటారు. మిగతా లేన్లకు పుస్తకంలోని స్టాగర్లే (7.04, 14.70, 22.37 మీటర్లు, అలా) వేస్తారు కాబట్టి వాళ్లంతా పూర్తి 400 పరుగెత్తుతారు. 56 సెకన్లలో పరుగెత్తే అమ్మాయికి 63 సెంటీమీటర్లంటే దాదాపు 0.09 సెకను. రెండో స్థానానికీ మూడో స్థానానికీ మధ్య అంత తేడా కూడా లేకపోతే, జిల్లా జట్టులో ఎవరుండాలో సున్నపు గీత నిర్ణయించినట్టే.

దీన్ని సరిచేయడం తేలిక. కెర్బ్ లేని ట్రాక్‌కు లోపలి గీత వ్యాసార్ధం 36.60 తీసుకోండి. అప్పుడు 20 సెంటీమీటర్ల దగ్గర కొలిచినా 36.80 వస్తుంది, దూరం 400 అవుతుంది. స్టాగర్లు కూడా మారతాయి. రెండో లేనుకు 7.67 మీటర్లు, మూడుకు 15.33, నాలుగుకు 23.00, ఐదుకు 30.66, ఆరుకు 38.33, ఏడుకు 45.99, ఎనిమిదికి 53.66. వీటిని ఆయా లేను లోపలి గీత మీద కొలిస్తే మళ్లీ తప్పే. గీత నుంచి 20 సెంటీమీటర్లు బయట, వంపు వెంబడి కొలవాలి. వంపు మీద టేపును ఒకేసారి బిగించి లాగితే అది అడ్డదారిన పోతుంది. మీటరుకొక మేకు కొట్టి టేపును వాటి వెంట పోనివ్వాలి.

గీసే క్రమం ఇది. గ్రౌండు మధ్యలో పొడవునా నూలు కట్టి, దాని మీద 84.39 మీటర్ల దూరంలో రెండు ఇనుప మేకులు దిగ్గొట్టండి. ఇవే మలుపుల కేంద్రాలు. ఒక్కో కేంద్రం నుంచి లంబంగా రెండు వైపులా 36.60 కొలిస్తే నాలుగు మూలలు దొరుకుతాయి. లంబం కోసం మేస్త్రీలు గోడ మూలకు వాడే 3-4-5 పద్ధతినే పెద్దది చేసి 30, 40, 50 అడుగులతో వాడితే చాలు. తర్వాత మూల నుంచి ఎదురు మూలకు రెండు కర్ణాలు కొలవండి. రెండూ 111.71 మీటర్లు రావాలి. రెండింటికీ తేడా ఒక సెంటీమీటరు దాటితే ముగ్గు చల్లకండి, మళ్లీ కొలవండి. మలుపు గీయడానికి నైలాన్ తాడు పనికిరాదు. సాగుతుంది, ఒక్కో చోట ఒక్కో వ్యాసార్ధం వస్తుంది. సాగని ఇనుప బైండింగ్ వైరు వాడండి. గుడ్డ టేపు కూడా వద్దు. ఉక్కు టేపు కూడా ఎండకు పెరుగుతుంది. అది 20 డిగ్రీల దగ్గర సరిచూసి తయారైన టేపు. ఏప్రిల్ మధ్యాహ్నం నేల మీద పరిస్తే 84 మీటర్లకు రెండు మూడు సెంటీమీటర్లు తేడా వస్తుంది. తెల్లారి ఆరింటికి కొలిస్తే ఆ సమస్య దాదాపు ఉండదు.

ఎనిమిది లేన్ల పూర్తి ట్రాక్‌కు సుమారు 177 మీటర్ల పొడవు, 93 మీటర్ల వెడల్పు కావాలి. చాలా స్కూళ్లలో అంత జాగా ఉండదు. అక్కడ 200 మీటర్ల ట్రాక్ వేసుకోవచ్చు. నేరు వైపులు 40 మీటర్లు, లోపలి గీత వ్యాసార్ధం 18.90. ఒక పూర్తి చుట్టుకు స్టాగర్ ఇక్కడ కూడా 7.67 మీటర్లే. ట్రాక్ చిన్నది కదా, స్టాగర్ కూడా సగం ఉండాలని చాలామంది అనుకుంటారు. స్టాగర్ లేను వెడల్పును బట్టి వస్తుంది, వ్యాసార్ధాన్ని బట్టి కాదు.

గీతలకు పొడి సున్నం చల్లే అలవాటు మానేయాలి. చెమట పట్టిన కాలి మీద, పడ్డప్పుడు చర్మం చీరుకున్న మోకాలి మీద, కంట్లో పడితే అది కాలుస్తుంది. తెల్ల రాయి ముగ్గుపిండి అదే పని చేస్తుంది, ఎవరికీ హాని ఉండదు.

మట్టి విషయానికొస్తే, మన ఎర్ర చెల్క నేల పరుగుకు మంచిదే. పైపొర ఐదారు సెంటీమీటర్లు తవ్వి, జల్లెడ పట్టి గులకరాళ్లు ఏరేసి, సన్నటి మొరం కలిపి, నీళ్లు కొట్టి రోలర్ తిప్పితే ఒక సీజన్ ఆగుతుంది. నీళ్లు సాయంత్రం కొట్టి పొద్దున రోలర్ తిప్పాలి. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కావాలి, వేలితో పొడిస్తే పగలాలి. అది సరైన తడి. చేతికి అంటుకుంటే రోలర్‌కూ అంటుకుని పొర లేచివస్తుంది. చెరువు మట్టి ఎక్కువ కలిపితే ఎండాకాలం పగుళ్లిస్తుంది, వానాకాలం జారుతుంది. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల ఊక బూడిద తెచ్చి పరుద్దామన్న ఆలోచన కొందరికి వస్తుంది. దయచేసి వద్దు. ఆ బూడిదలో ఎక్కువ భాగం సిలికా. పరుగెత్తే పిల్లలు గుండెల నిండా పీల్చేది ఆ దుమ్మునే.

జిల్లాకు కొత్తగా సింథటిక్ ట్రాక్ మంజూరైతే కాంట్రాక్టర్ పని చేస్తున్నప్పుడే పీఈటీలు, కోచ్‌లు వెళ్లి చూడాలి. పైన కనిపించే ఎర్ర పొర పదమూడు మిల్లీమీటర్లే. ట్రాక్ బతుకు దాని కింద ఉంటుంది. కింద నల్లరేగడి ఉంటే దాన్ని పూర్తిగా తీసేసి మొరంతో నింపాలి. రేగడి తడికి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది, పైన తారు పొర ఎంత మందం వేసినా రెండేళ్లలో పగులు బయటికి వస్తుంది. తారు పొర మీద నాలుగు మీటర్ల నేరు పట్టీ ఆనించి చూస్తే కింద ఎక్కడా ఆరు మిల్లీమీటర్ల కంటే సందు కనిపించకూడదు. వాలు లోపలి లేను వైపు నూటికి ఒకటి మించకూడదు, పరుగు దిశలో వెయ్యికి ఒకటి మించకూడదు. పై ఎర్ర పొరగా పాలీయురేథేన్ పోసే ముందు నీళ్లు పారించి ఇరవై నిమిషాలాగి చూడండి. ఎక్కడ మడుగు కడితే అక్కడ ముగ్గుతో గుర్తు పెట్టి సరిచేయించాలి. పైపొర పడ్డాక సరిచేయడం కుదరదు.

పాలీయురేథేన్‌ను వానాకాలంలో పోయనివ్వకండి. అందులోని రసాయనం తేమతో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. ఆ వాయువు పొర కింద చిక్కుకుని బుడగలు లేస్తాయి, తర్వాత స్పైక్‌లు (పరుగు బూట్ల అడుగున ఉండే మేకులు) తగిలి ఆ బుడగలే చిరుగుతాయి. మన దగ్గర నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఈ పనికి మంచి కాలం. ప్రారంభోత్సవం తేదీ కోసమని జూలైలో పోస్తే ఆ ట్రాక్ పదేళ్లు రావాల్సింది మూడేళ్లకే పోతుంది.

ఇక టైమ్. "సారూ, వంద మీటర్లకు స్కూల్లో పదకొండున్నర సెకన్లు, హైదరాబాద్‌లో పన్నెండు దగ్గర పడింది" అని ఏడుపు మొహంతో వచ్చే పిల్లలకు చెప్పాల్సిన విషయం ఒకటుంది. పరుగు తగ్గలేదు, వాచ్ మారింది. చేత్తో నొక్కిన టైమ్‌కు 100, 200 మీటర్లలో 0.24 సెకను, 400 మీటర్లలో 0.14 కలిపితేనే అది ఎలక్ట్రానిక్ టైమ్‌తో పోల్చదగ్గది అవుతుంది. స్టార్ట్ దగ్గర మన చెయ్యి ఆలస్యంగా కదులుతుంది, ఫినిష్ దగ్గర ముందే ఊహించి నొక్కేస్తుంది. రెండూ కలిసి టైమ్‌ను తగ్గిస్తాయి. దానికి తోడు క్లాపర్ (స్టార్ట్‌కు కొట్టే జంట పలకలు) చప్పుడు విని నొక్కితే ఇంకా తప్పు. చప్పుడు 100 మీటర్లు దాటి రావడానికి దాదాపు 0.29 సెకను పడుతుంది. పలకలు కలిసే క్షణాన్ని కళ్లతో చూసి నొక్కాలి. అందుకే క్లాపర్ పట్టుకున్నవాళ్లు చేయి తల పైకెత్తి, వెనక ముదురు రంగు ఉండేలా నిలబడాలి. మూడు వాచ్‌లు పెడితే మధ్యలో వచ్చిన టైమ్ తీసుకోండి, రెండే ఉంటే ఎక్కువ వచ్చినది. 11.21 వస్తే 11.3 అని రాయండి, 11.2 అని కాదు. తక్కువ టైమ్ రాసి పిల్లను సంతోషపెడితే ఆ సంతోషం గచ్చిబౌలి దాకా కూడా నిలవదు.

గచ్చిబౌలి మాట వచ్చింది కాబట్టి, ఆ స్టేడియం 2002 జాతీయ క్రీడల కోసం కట్టింది. 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడలు, 2007 ప్రపంచ మిలిటరీ క్రీడలు హైదరాబాద్‌లోనే జరిగాయి. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా దాదాపు వంద కిలోమీటర్లు. నెలకు రెండుసార్లు పిల్లలను అక్కడి సింథటిక్ మీదికి తీసుకెళ్లడం మంచిదే, కానీ మొదటి రోజే స్పైక్‌లు వేసి నూట ఇరవై మీటర్లు పదిసార్లు పరుగెత్తించకండి. మట్టి కాలి తాకిడిని కొంత మింగేస్తుంది, జారుతూ వదిలేస్తుంది. సింథటిక్ పట్టుకుంటుంది, వెనక్కి తోస్తుంది. ఆ పట్టుకు అలవాటు లేని పిల్లకు పదిరోజుల్లో కాలి ముందు బొక్క లోపలి అంచున నొప్పి మొదలవుతుంది. వేలితో నొక్కితే అరచెయ్యంత పొడవున నొప్పి ఉంటే విశ్రాంతితో తగ్గేది. ఒక్క బిందువు దగ్గరే పోటులా పొడుస్తుంటే, రాత్రి పడుకున్నా సలుపుతుంటే బొక్కలో సన్నటి పగులు పడి ఉండవచ్చు, ఎక్స్‌రేలో మొదట్లో కనిపించకపోవచ్చు, పరుగు ఆపేయాల్సిందే. మొదటి రెండుసార్లు మామూలు బూట్లతో, నేరు వైపు మాత్రమే, 60 నుంచి 80 మీటర్లు ఆరుసార్లు చాలు. మూడోసారి స్పైక్‌లు, మలుపు ఆ తర్వాత. సింథటిక్ మీద స్పైక్ పొడవు 9 మిల్లీమీటర్లు మించకూడదు, హైజంప్, జావెలిన్‌కు 12. మట్టి కోసం బిగించిన పొడవాటి మేకులతో వెళ్తే తనిఖీలోనే ఆపేస్తారు. మేకు తిప్పే తాళం చెవి సంచిలో ఉండాలి.

ఏప్రిల్, మేలో నల్లగొండ ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. ప్రాక్టీస్ ఐదున్నరకు మొదలై ఏడున్నరకల్లా ముగియాలి. ఒక బరువు యంత్రం కొనండి. ప్రాక్టీస్‌కు ముందు, తర్వాత తేలిక బట్టల్లో తూచి నోటుబుక్కులో రాయండి. 45 కిలోల పిల్ల 900 గ్రాములు తగ్గిందంటే నూటికి రెండు వంతుల నీళ్లు పోయినట్టు. మరుసటి రోజు పరుగు అక్కడే పడిపోతుంది. తగ్గిన ప్రతి కిలోకు లీటరున్నర చొప్పున, రెండు మూడు గంటల్లో కొద్దికొద్దిగా తాగించాలి. లీటరుకు అని రాసి ఉన్న ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసులో సగం ప్యాకెట్ కలిపితే ఉప్పు ఎక్కువై కడుపులో తిప్పుతుంది. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకు తలకొట్టిన ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఉప్పేసిన పల్చని మజ్జిగ, అంబలి కూడా మంచివే. ఒక జాగ్రత్త మాత్రం మన నల్లగొండ జిల్లాకే చెందింది. పరుగెత్తే పిల్లలు రోజుకు మూడు నాలుగు లీటర్లు తాగుతారు. మర్రిగూడ, మునుగోడు వైపు పాత బోరు నీళ్లయితే అంత ఫ్లోరైడ్ కూడా లోపలికి పోతుంది. గ్రౌండు దగ్గరి బోరు నుంచి కాకుండా మిషన్ భగీరథ నల్లా నీళ్లే క్యాన్లలో తెచ్చి పెట్టండి.

అన్నిటికంటే భయపడాల్సింది మందుల గురించి. ఊళ్లో నీరసంగా ఉందంటే ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లి ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కించుకోవడం మనకు అలవాటు. అందులో ఏ మందూ లేకపోయినా సరే, పన్నెండు గంటల్లో 100 మిల్లీలీటర్లకు మించి నరం ద్వారా ఎక్కించుకోవడం ప్రపంచ డోపింగ్ నిబంధనల్లో నిషిద్ధం. ఆసుపత్రి చికిత్స, ఆపరేషన్, వైద్య పరీక్షల్లో భాగమైతేనే మినహాయింపు. అర లీటరు సెలైన్ సీసా అంటే ఐదు రెట్లు. దగ్గు సిరప్ సీసా వెనక చిన్న అక్షరాల్లో టెర్బుటాలిన్ అని ఉందేమో చూడండి. మన మెడికల్ షాపుల్లో దొరికే చాలా సిరప్‌లలో అది ఉంటుంది, పోటీలున్నా లేకున్నా ఎప్పుడూ నిషిద్ధమే. సాల్బుటమాల్ ఇన్‌హేలర్‌కు పరిమితి వరకు అనుమతి ఉంది, సిరప్‌కు, మాత్రకు లేదు. జ్వరానికో, కీళ్ల నొప్పికో వేసే డెక్సామెథాసోన్ ఇంజెక్షన్ పోటీ సమయంలో నిషిద్ధం. ట్రయామ్సినలోన్‌ను కండకు ఇస్తే అది అరవై రోజుల దాకా శరీరంలో ఉండిపోవచ్చు. కండ పట్టాలని జిమ్‌లో వేసే నాండ్రోలోన్, పరుగుకు ముందు వేసే మెఫెంటెర్మిన్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. జూనియర్ జాతీయ పోటీల్లో కూడా శాంపిళ్లు తీసుకుంటారు. "డాక్టరు ఇచ్చాడు, నాకు తెలియదు" అన్న మాట అక్కడ చెల్లదు, ఒంట్లో దొరికినదానికి క్రీడాకారుడిదే బాధ్యత. నిజంగా జబ్బుండి ఆ మందే కావాలంటే చికిత్స కోసం మినహాయింపు ముందే అడగాలి. ప్రతి పిల్ల సంచిలోనూ "నేను క్రీడాకారిణిని, నిషిద్ధ మందు లేకుండా రాయండి" అన్న చీటీ ఒకటి ఉంచండి, ఆర్‌ఎంపీకైనా డాక్టరుకైనా అది చూపించాలి. ప్రొటీన్ డబ్బా కూడా వద్దు, అందులో రాయనిది కలిసి ఉండవచ్చు. రెండు గుడ్లు, రెండు పూటలా పప్పు, గుప్పెడు నానబెట్టిన పల్లీలు, పాలు, జొన్నరొట్టె ఉంటే ఆ వయసుకు చాలావరకు సరిపోతుంది.

ఒకటి మరిచిపోతుంటాం. కామన్వెల్త్ క్రీడల్లో పారా అథ్లెటిక్స్ వేరే పోటీలుగా కాకుండా అదే కార్యక్రమంలో ఉంటాయి. వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వచ్చిన జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో మేధోపరమైన వైకల్యం ఉన్నవారి టీ20 విభాగంలో 400 మీటర్లను 55.82 సెకన్లలో పరుగెత్తి కాంస్యం తెచ్చింది. మీ స్కూల్లో చదువు అంతగా ఎక్కదని వెనక బెంచీలో కూర్చోబెట్టిన పిల్లను ఒకసారి ట్రాక్ మీద నిలబెట్టి చూడండి.

చివరగా కాగితాలు. పాస్‌పోర్ట్ కావాల్సినప్పుడు మన పిల్లలు ఇరుక్కునేది పేరు దగ్గరే. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, జనన ధ్రువీకరణలో పొడి అక్షరమే, టెన్త్ మెమోలో ఇంటిపేరు చివర. పుట్టిన తేదీ కూడా బడిలో చేర్చిన నాడు పంతులుకు తోచింది రాసి ఉంటుంది. జనన ధ్రువీకరణతో ఆ తేదీ కలవకపోతే వయసు విభాగాల పోటీల్లో అనుమానం వస్తుంది, బొక్కల పరీక్ష దాకా పోతుంది. టెన్త్ నామినల్ రోల్ (పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా) పంపే ముందు హెడ్మాస్టర్ గదిలో కూర్చుని పిల్ల పేరులో ఒక్కో అక్షరం, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు జనన ధ్రువీకరణతో సరిచూడండి. మెమో అచ్చయ్యాక దాన్ని మార్పించడానికి హైదరాబాద్ చుట్టూ తిరగాలి, నామినల్ రోల్ దగ్గరైతే పది నిమిషాల పని.